ఎదురుగాలిలో అట్లాంటిక్

లండనుకును న్యూయార్కుకును నడుమ ఆకాశమార్గమున దూరము సుమారు 5,540 కిలోమీటర్లు. ఎటునుండి కొలిచినను అంతే. అయినను నేటి విమానములు న్యూయార్కు నుండి లండనునకు సుమారు 7 గంటలలో చేరగా, తిరుగు ప్రయాణమునకు 8 గంటల వరకు పట్టుచున్నది. ఈ తేడాకు కారణము గాలి. విమానయానము పసిదైన రోజులలో ఈ తేడా ప్రాణముల మీదికే వచ్చినది.

1919 జూన్ 14న ఆల్కాక్, బ్రౌన్ అను ఇరువురు న్యూఫౌండ్‌లాండు దీవి నుండి తూర్పుగా బయలుదేరి, సుమారు 16 గంటలలో ఐర్లండులోని ఒక బురదనేలలో దిగిరి. ఎక్కడను ఆగక అట్లాంటిక్‌ను విమానములో దాటినవారిలో వీరే ప్రథములు. 1927 మే నెలలో లిండ్‌బర్గ్ న్యూయార్కు నుండి పారిస్‌కు ఒంటరిగా 33½ గంటలలో చేరెను. ఇదియు తూర్పు ప్రయాణమే. అదే నెల 8వ తేదీన నంజెస్సె, కోలీ అను ఫ్రెంచి వైమానికులు పారిస్ నుండి పడమటికి బయలుదేరిరి. న్యూయార్కులో జనము వారికొరకు ఎదురుచూచిరి. వారు మరల ఎవరికిని కనబడలేదు.

పడమటి దారి 1928 ఏప్రిల్‌లో గాని లొంగలేదు. జర్మనులు ఇరువురు, ఐర్లండువాడొకడు 'బ్రెమెన్' అను విమానములో ఐర్లండు నుండి బయలుదేరి, సుమారు 36 గంటల పిమ్మట కెనడా తీరమున గ్రీన్లీ అను చిన్న దీవిపై దిగిరి. వారు చేరదలచినది న్యూయార్కు! దారి తప్పుటయు ఆలస్యమునకు కొంత కారణమే. అయినను తొమ్మిదేండ్ల క్రిందటి పాతవిమానము 16 గంటలలో దాటిన సముద్రమే అది.

ఉష్ణమండలము నుండి ఉత్తరధ్రువము వైపు పైయెత్తున సాగు వేడిగాలి, భూభ్రమణము వలన కుడివైపునకు, అనగా తూర్పునకు మరలును. 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున ఇది ఇరుకైన ఏరువలె వడిగా పారును. దీనినే జెట్ ప్రవాహమందురు.

పోవునపుడు గాలివలన పోయిన కాలము వచ్చునపుడు తిరిగి దక్కునుగదా అని విద్యార్థులు తలచవచ్చును. లెక్క వేసి చూడుడు. విమానవేగము గంటకు 900 కిలోమీటర్లు, గాలి 100 అనుకొందము. గాలివాటున వేగము 1,000. కాలము 5 గంటల 32 నిమిషములు. ఎదురుగాలిలో వేగము 800. కాలము 6 గంటల 56 నిమిషములు. గాలియే లేనిచో రానుపోను 12 గంటల 19 నిమిషములు చాలును; గాలి ఉన్నందున 9 నిమిషములు నష్టము. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉండవలసివచ్చుటయే ఇందలి కిటుకు.

1958 అక్టోబరు 4న ప్రయాణికులతో జెట్ విమానములు తొలిసారి ఈ నగరముల మధ్య నడచినవి. న్యూయార్కు నుండి లండనునకు కామెట్ విమానము 6 గంటల 11 నిమిషములలో చేరెను. పడమటికి పోయిన జోడు విమానము చమురుకొరకు గాండర్‌లో దిగవలసివచ్చి, 10 గంటలకు పైగా తీసికొనెను. 2003లో విరమించిన కాంకార్డు మాత్రము జెట్ ప్రవాహమునకు పైన, ధ్వనిని మించిన వేగముతో, 3½ గంటలలోనే దాటుచుండెడిది. 2020 ఫిబ్రవరిలో తుపానుగాలి తోడుకాగా ఒక సామాన్య జెట్ విమానము న్యూయార్కు నుండి లండనునకు 4 గంటల 56 నిమిషములలో వచ్చెను.

నేడు అట్లాంటిక్‌పై దారులను గాలిని చూచి ప్రతిదినము క్రొత్తగా గీయుదురు: తూర్పునకు పోవువానికి ప్రవాహము వెంట, పడమటికి పోవువానికి దానికి ఎడముగా.