చెల్లోల మాటున గిటార్

సంగీత పాఠశాలల్లో అధ్యాపకులు జరిపే ఛాంబర్ కచేరీలలో గాత్రం, చెల్లో, గిటార్ ఒకే వేదికపై కనిపించడం నేడు వింత కాదు. అయితే ఈ మూడింటికీ సమాన గౌరవం మొదటినుంచీ లేదు. ఆ అంతరాన్ని చెరిపినవారిలో బ్రెజిల్ స్వరకర్త ఎయితోర్ విల్లా-లోబోస్ (1887–1959) ఒకరు.

రియో డి జనీరోలో తండ్రి ఆయనకు చెల్లో నేర్పాడు. గిటార్ మాత్రం వీధుల్లో ‘షోరో’ వాయించే బృందాల సాంగత్యంలో అబ్బింది. ఆనాటి గౌరవ కుటుంబాల దృష్టిలో అది పోకిరీల వాద్యం.

1938లో ఆయన ‘బాకియానాస్ బ్రజిలేయిరాస్’ ఐదవ కృతిలోని ‘ఆరియా’ను ఒక సొప్రానో గాత్రానికి, ఎనిమిది చెల్లోలకు రాశారు. గాయని మాటలు లేకుండా అకారంతో ఆలాపన మొదలుపెడుతుంది. ఒక చెల్లో అదే స్వరాన్ని కింది స్థాయిలో పలుకుతూ ఆమె వెంట నడుస్తుంది. మిగతావారిలో కొందరు కమానును వాడక, తీగలను వేళ్ళతో మీటుతారు. ఆ మీటులో వినిపించేది వీధి గిటార్ నడకే.

తరువాత ఆ ‘ఆరియా’నే గాత్రానికి, గిటార్‌కు అనువుగా ఆయనే మార్చి రాశారు. చెల్లోల మాటున దాగిన వాద్యం అప్పుడు తన పేరుతోనే వేదిక ఎక్కింది.