గొంతు ఒక పెట్టెలో, బలం ఇంకో పెట్టెలో: బేస్ గిటార్ ప్రీయాంప్ కథ

డ్యూటీ వల్ల ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం, విన్నాక "అన్నా, ఆ వైర్ ఎక్కడ పెట్టాలో మళ్లీ చెప్పండి" అని అడిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ముసఫాలోని ఐకాడ్‌లో మా క్యాంపు. పోయిన ఉగాదికి రిక్రియేషన్ హాల్‌లో పాటల ప్రోగ్రాం పెట్టుకున్నాం. రాజోలు వైపు నుంచి వచ్చిన తమ్ముడొకడు మా దగ్గర స్కాఫోల్డింగ్‌లో చేస్తాడు. ఊళ్లో ఉన్నప్పుడు చర్చిలో బేస్ గిటార్ వాయించేవాడు. గిటార్‌తో పాటు టిఫిన్ డబ్బా అంత ఒక ప్రీయాంప్ ఉంది వాడి దగ్గర, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. యాంప్లిఫయర్ మాత్రం పక్క క్యాంపు వాళ్లది, అడిగి తెచ్చుకున్నాం.

వైర్ పెట్టి తీగ మీటగానే హాలంతా గుంయ్‌మని మోత. ఏ స్వరమో తెలీదు, కిటికీ అద్దాలు మాత్రం అదురుతున్నయి. నాకు చెమటలు పట్టినయి. ఎందుకంటే ఆరేళ్ల కింద ఇంకో క్యాంపులో ఇలాగే వాల్యూమ్ పెంచి, అరువు తెచ్చిన యాంప్ స్పీకర్ చింపింది నేనే. మనిషికి పది దిర్హాంలు వేసుకుని కట్టినం. ఆ తర్వాత మళ్లీ ఎవరూ మాకు సామాను ఇవ్వలే. ఈసారీ అదే అయితే ఇక పాట లేనట్టే.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఈ ప్రీయాంప్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

బేస్ యాంప్‌లో రెండు పనులు జరుగుతాయి. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ వోల్టు కంటే తక్కువే, చాలా సన్నం. దాన్ని కాస్త పెంచి, బేస్, మిడ్, ట్రెబుల్ సరిచేసి, గొంతు తయారు చేసేది ప్రీయాంప్. ఆ గొంతుకు స్పీకర్‌ను కదిలించేంత బలం ఇచ్చేది పవర్ యాంప్. మన భాషలో చెప్పాలంటే ప్రీయాంప్ బ్యాచింగ్ ప్లాంట్, పవర్ యాంప్ కాంక్రీట్ పంపు. మిక్స్ ఎట్లుండాలో ప్లాంట్‌లో తేలుతుంది. పంపు దాన్ని పైకి పంపుతుంది, అంతే.

మొదట్లో ఈ రెండూ ఒకే పెట్టెలో ఉండేవి. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అంతకుముందు బ్యాండ్‌లో బేస్ అంటే మనిషంత ఎత్తుండే డబుల్ బేస్. కొత్త గిటార్ చేతిలో పట్టేది, కానీ దాని మోతకు మామూలు గిటార్ యాంప్ తట్టుకోదు. అందుకే 1952లో 15 అంగుళాల స్పీకర్‌తో బేస్‌మన్ అనే యాంప్ వచ్చింది. 1960లో ఆంపెగ్ కంపెనీ పోర్టాఫ్లెక్స్ బీ-15 తెచ్చింది. 1969లో అదే కంపెనీ ఎస్‌వీటీ అని 300 వాట్లది చేసింది. రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ ఆ ఏడాది అమెరికా టూర్‌లో వాడింది. పైన పెట్టే హెడ్ ఒక్కటే దాదాపు 40 కేజీలు, కింద ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్లు. ఎత్తడానికి మన గ్యాంగ్ కావాలి!

అప్పటిదాకా లెక్క ఏంటంటే యాంప్ ఎవరిదో గొంతు వాళ్లదే. వేరే యాంప్‌లో పెడితే నీ గిటార్ వేరేలా పలుకుతుంది.

ఆ ముడి రెండు చోట్ల విడింది. డెట్రాయిట్‌లో మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ బేస్‌ను యాంప్ ముందు మైకు పెట్టకుండా నేరుగా రికార్డింగ్ డెస్క్‌లోకి పంపేవాళ్లు. కాలిఫోర్నియాలో అలెంబిక్ అనే కంపెనీ 1970లలో ఎఫ్-2బీ అని ఒట్టి ప్రీయాంప్ చేసి అమ్మింది. లోపలున్నది ఫెండర్ యాంప్ ముందు భాగం సర్క్యూటే, పవర్ యాంప్ లేదు, అది నీ ఇష్టం. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే గిటార్ బ్యాటరీతో నడిచే ప్రీయాంప్‌ను గిటార్ కడుపులోనే పెట్టింది. 1989లో న్యూయార్క్‌లో ఆండ్రూ బార్టా శాన్స్‌యాంప్ తెచ్చాడు. ఆ పేరుకు అర్థమే "యాంప్ లేకుండా". తర్వాత బేస్‌కు ప్రత్యేకంగా అందులో బేస్ డ్రైవర్ డీఐ వచ్చింది. తమ్ముడి డబ్బా ఆ వంశంలోదే.

మనకు ఈ బేస్ కొత్త కాదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వెనక తాళం వేసి ఊరుకోదు, ఇంకో గాయకుడిలా నడుస్తుంది. శశిధరన్ లాంటివాళ్లు వాయించిన ఆ వరసలు 'గీతాంజలి' (1989) క్యాసెట్‌లో వింటూ పెరిగిన వయసు మాది. బేస్ అంటే మోత కాదు, మాట అని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. తమ్ముడు ప్రీయాంప్ నుంచి వైర్ తీసి యాంప్ ముందున్న ఇన్‌పుట్‌లో పెట్టిండు. అంటే తయారైన గొంతు మళ్లీ యాంప్ సొంత ప్రీయాంప్‌లోకి పోయింది. ప్లాంట్ నుంచి వచ్చిన రెడీమిక్స్‌లో సైట్‌లో మళ్లీ నీళ్లు పోసినట్టు. స్లంప్ పోదా మరి?

"తమ్మీ, వెనక చూడు, రిటర్న్ అని హోల్ ఉందా?"

"ఉందన్నయ్యా. సెండ్ అని కూడా ఉంది."

రిటర్న్‌లో పెడితే సిగ్నల్ యాంప్ ప్రీయాంప్‌ను దాటి నేరుగా పవర్ యాంప్‌కు పోతుంది. కొన్ని యాంప్‌లలో అప్పుడు ముందున్న మాస్టర్ వాల్యూమ్ కూడా పనిచేయదు. అందుకే ముందు ప్రీయాంప్ వాల్యూమ్ సున్నాకు తేవాలి, తర్వాత వైర్ మార్చాలి, తర్వాత మెల్లగా పెంచాలి. అట్లనే చేసినం. తీగ మీటితే ఈసారి స్వరం స్వరంలా వచ్చింది.

రిటర్న్ లేని యాంప్ అయితే ముందు ఇన్‌పుట్‌లోనే పెట్టండి, కానీ దాని నాబ్‌లు దాదాపు ఏమీ మార్చని స్థితిలో ఉంచండి. చాలా యాంప్‌లలో అది నడిమధ్య. ఫెండర్ తరహా సర్క్యూట్‌లో మాత్రం నడిమధ్య పెడితే మిడ్ తగ్గిపోతుంది. అక్కడ మిడ్ నిండా పెంచి బేస్, ట్రెబుల్ బాగా తగ్గించాలి.

ఇంకో మాట, ఐటీఐ ఎలక్ట్రికల్ చదివినవాడిగా. యాంప్ వెనక స్పీకర్ అవుట్ అని రాసి ఉన్నదాన్ని ప్రీయాంప్‌కు గానీ, మిక్సర్‌కు గానీ ఎప్పుడూ కలపొద్దు. అది స్పీకర్‌ను తోసే కరెంటు, డబ్బా కాలిపోతుంది. ట్యూబ్ యాంప్ అయితే స్పీకర్ తగిలించకుండా ఆన్ చేయొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

మర్నాడు పొద్దున యాంప్ చెక్కుచెదరకుండా పక్క క్యాంపుకు తిరిగి పోయింది. వచ్చే ఏడు కూడా ఇస్తమన్నరు.

తమ్ముడు మొన్న కాంట్రాక్ట్ అయిపోయి ఊరికి పోయిండు. క్యాంపు కాటా మీద పెట్టె తూకం వేస్తే ఒక కేజీ ఎక్కువ వచ్చింది. కాసేపు ఆలోచించి పాలపొడి డబ్బా ఒకటి బయటికి తీసి నా చేతిలో పెట్టిండు. ప్రీయాంప్‌ను మాత్రం లుంగీలో చుట్టి పెట్టె మధ్యలో పెట్టుకున్నడు. "అక్కడ ఏ యాంప్ దొరికినా పర్లేదన్నయ్యా, గొంతు నా దగ్గరుంది" అన్నడు.

మీ క్యాంపులో ఎవరైనా వాయిస్తుంటే రికార్డ్ చేసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిద్దాం. ఉంటా మరి.