అల్పమూల్య టర్బో రోడ్‌స్టరు

పైకప్పు తొలగింపఁదగినదై, ఇరువురికి మాత్రమే ఆసనములు గల తేలికైన క్రీడాశకటమునకు రోడ్‌స్టరని పేరు; వెలికిఁ బోవు దహనవాయువుల వేగముచే చిన్న చక్రమును త్రిప్పి, తద్ద్వారా సిలిండర్లలోనికి గాలిని ఒత్తిడితోఁ బంపి, అల్పపరిమాణమైన ఇంజనునుండి అధికశక్తిని రాఁబట్టు సాధనము టర్బో. ఈ రెంటిని సామాన్యుని కందు ధరలో మేళవించిన ప్రయత్నములలో స్మరణీయమైనది పాంటియాక్ సాల్‌స్టిస్ జి.ఎక్స్.పి.: 2007 నమూనాగా అమెరికాలో వెలువడిన ఆ బండి, 2.0 లీటర్ల ఇంజనుతో 260 అశ్వశక్తి నిచ్చుచు, సుమారు 26 వేల డాలర్లకే లభించియు, 2009లో జనరల్ మోటార్స్ పాంటియాక్ శాఖనే మూసివేయ నిశ్చయించుటచే అల్పాయుష్కమయ్యెను. గుణము గల వస్తువట్లు గతించుట శోచనీయము.

భారతదేశమున ధరను శాసించునది యంత్రము కంటెఁ బన్ను. 2025 సెప్టెంబరు 22 నుండి, పొడవు నాలుగు మీటర్లకును, ఇంజను 1200 ఘన సెంటీమీటర్లకును మించని పెట్రోలు కార్లపై వస్తుసేవల పన్ను 18 శాతము. తక్కిన పెట్రోలు కార్లపై 40. పెనుకొండలో తయారగు కియా సోనెట్ కారులోని టర్బో ఇంజను 998 ఘన సెంటీమీటర్లదే యైనను 120 అశ్వశక్తి నిచ్చుచున్నది. అట్టిదానితో పొట్టి రోడ్‌స్టరు నిచ్చటనే నిర్మించినచో అల్పశుల్కమే వర్తించును. ఈ రచయిత ఆశ యంతయు దానిపైననే.

నల్లమల చేరువనున్న పుల్లలచెరువు వంటి తావుల వేసవిగాలి వేడెక్కి పలుచనగును గావున, అట్టి బండిలో టర్బో నుండి వచ్చు గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు అత్యావశ్యకము. ఎండకాలమున కప్పు తెరచుట దుర్భరమే; కార్తికమాసపు ఉదయమున ఎర్రగొండపాలెము దారిన మాత్ర మది పరమానందకరము.