తెల్ల కాన్వాస్ బూటు ఎవరిది?

బాటా మన దేశపు కంపెనీయే అని విశాఖలో చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. కాదని చెప్పడం తేలికే. నేను స్థిరపడ్డ చెక్ దేశంలో, మొరావియా ప్రాంతపు జ్లీన్ అనే చిన్న ఊళ్లో 1894లో తొమాష్ బాట్యా తన అన్న, అక్కలతో కలిసి పెట్టిన బూట్ల కార్ఖానా అది. అయినా మనవాళ్లది పొరపాటని నేను అనను. బాటా తెల్ల కాన్వాస్ బూటంటే నాకింత ఇష్టం ఉండటానికి కారణమూ అదే. చెక్ దేశం ఇరవయ్యో శతాబ్దంలో పడ్డ పాట్లన్నీ దానికీ తగిలాయి. పుట్టింట్లో పేరే వినపడకుండా పోయిన రోజుల్లో అది మన దగ్గర బతికింది.

గుడ్డబూటు పుట్టింది అప్పుల్లోంచి. కార్ఖానా పెట్టిన ఏడాదికే చేతిలో డబ్బు ఆడక, తోలు కొనలేక తొమాష్ గుడ్డతో బూట్లు కుట్టించాడు. తేలిగ్గా, చవగ్గా ఉన్న ఆ బూటుతోనే కంపెనీ తేరుకుంది. అప్పటికి ఈ నేల ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఒక మూల. 1918లో చెకోస్లోవాకియా స్వతంత్ర దేశమైంది. 1922లో కొనేవాళ్లు లేక ఫ్యాక్టరీలు మూతపడుతుంటే తొమాష్ బూట్ల ధర సగానికి దించాడు. ఆ భారం కార్మికులూ మోశారు. జీతాల్లో 40 శాతం కోత పడింది, బదులుగా తిండిసరుకులూ బట్టలూ కంపెనీయే సగం ధరకి ఇచ్చింది. ఆ తర్వాత ఊరికి ఊరే మారిపోయింది. ఎర్రటి ఇటుక ఇళ్లు, ఆస్పత్రి, సినిమాహాలు, బళ్లు అన్నీ ఫ్యాక్టరీని పట్టుకునే లేచాయి. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ల ఉక్కునగరం సెక్టార్లు చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లూ మారథానూ మూడూ గెలిచిన ఎమిల్ జాటోపెక్ ఈ ఫ్యాక్టరీలో పనిచేసినవాడే. 1941లో కంపెనీ పెట్టిన పందెంలోనే అతని పరుగు మొదలైంది.

తొమాష్ 1932లో విమాన ప్రమాదంలో పోయాడు. తర్వాత యజమాని అయిన యాన్ హయాంలో కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున బాటానగర్ వెలిసింది. బాటా టెన్నిస్ అనే బూటు 1936లో మన స్కూలు పిల్లల పీటీ క్లాసుల కోసమే తయారైందని కంపెనీ చెబుతుంది. తెల్లటి గుడ్డ, వేళ్ల దగ్గర రబ్బరు తొడుగు, చుట్టూ రబ్బరు పట్టీ, తాడు దూర్చే చిన్న కన్నాలు, అంతే. ఉతికి, తడి ఆరకముందే తెల్ల పాలిష్ పట్టించి ఎండలో పెడితే మరకలన్నీ మాయమవుతాయి. ఇక్కడ జ్లీన్‌లోనేమో 1945లో ప్రభుత్వం కార్ఖానాని జాతీయం చేసింది. 1949లో కమ్యూనిస్టు నేత గోట్‌వాల్డ్ పేరు పెట్టి ఊరిని గోట్‌వాల్డోవ్‌గా మార్చారు. పాత పేరు మళ్లీ వచ్చింది 1990లోనే. ఆ నాలుగు దశాబ్దాలూ జ్లీన్‌లో దొరకని పేరు మన పిల్లల కాళ్లకి ఉంది.

ఈ కంపెనీకి ఇంత ప్రేమ తగునా అని అడిగేవాళ్లుంటారు. కార్మికుల ఇంటి బతుకుల మీద కూడా యాజమాన్యం కన్నేసి ఉంచిందన్నది నిజం. యంత్రాల మీద వచ్చిన చెప్పులు మన ఊళ్లలో తోలుపని చేసేవాళ్ల కూటికి గండి కొట్టాయన్న మాటనీ నేను తోసిపుచ్చను, ఆ నష్టం ఎవరూ పూడ్చలేదు. కానీ ఈ కాన్వాస్ బూటు వేసుకున్నవాళ్లలో చాలామంది అంతకుముందు ఏ బూటూ ఎరగరు. బూటు కొనలేని పిల్లాణ్ణి పీటీ లైన్లోంచి బయట నిలబెట్టిన స్కూళ్లూ ఉన్నాయి, ఆ తప్పు స్కూలుది.

వాటాలు ఎవరి దగ్గరుంటే కంపెనీ వాళ్లదే కదా అనేది ఇంకో అభ్యంతరం. 1966 విశాఖ ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక వచ్చిన ఉక్కు ఫ్యాక్టరీ ఎవరిదని విశాఖలో అడిగితే, వాటాల కాగితం తీసి చూపించేవాళ్లు ఉండరు. కంపెనీ కేంద్రం ఇవాళ స్విట్జర్లాండ్‌లో ఉన్నా జ్లీన్ దాన్ని తనదిగానే చూసుకుంటుంది, తొమాష్ బాట్యా పేరిట ఊళ్లో విశ్వవిద్యాలయమే ఉంది. 1936 నుంచీ ఆ బూటు తొడిగిన మనకీ అంతే హక్కుంది.