మారిషస్‌లో ఇల్లరికపు అల్లుళ్ల కేసు

పొదిలి వైపు ఇల్లరికం గురించి ఎవరికీ వివరించనక్కర్లేదు. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడొచ్చి ఉండిపోతాడు, మిరప చేనూ పత్తి చేనూ చూసుకుంటాడు. 1977లో మారిషస్ ప్రభుత్వం అలాంటి అల్లుళ్ల మీదే చట్టం తెచ్చింది. ఆ చట్టం ప్రకారం మారిషస్ మగవాడు పరదేశపు పిల్లను చేసుకుంటే ఆమె హక్కుగా వచ్చి కాపురం చేయవచ్చు. మారిషస్ ఆడపిల్ల పరదేశీయుణ్ణి పెళ్లాడితే మాత్రం అతను మంత్రి దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. మంత్రి కాదంటే కోర్టు గడప తొక్కే దారి లేదు.

ప్రాథమిక హక్కులు లేని దేశమేం కాదిది. 1834 నుంచి చెరకు తోటల కోసం ఒప్పంద కూలీలను దింపుకున్న దీవి. కోరంగి రేవు నుంచి వచ్చిన తెలుగువాళ్ల మునిమనవలకు నేడు ఉగాది జాతీయ సెలవు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రాజ్యాంగంలో హక్కుల అధ్యాయం రాసుకున్నారు. అందులో 16వ సెక్షన్ జాతి, కులం, పుట్టిన చోటు, రాజకీయాభిప్రాయం, రంగు, మతం పేరిట వివక్షను నిషేధించింది. ఆడా మగా తేడా ఆ జాబితాలో లేదు. 1977 చట్టం దూరింది ఆ సందులోంచే.

అయితే 1973లోనే మారిషస్ పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. దానితో పాటే ఐచ్ఛిక ప్రోటోకాల్‌నూ ఒప్పుకుంది. అంటే దేశంలో న్యాయం దొరకని మనిషి నేరుగా ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు.

1978లో 20 మంది స్త్రీలు ఆ పని చేశారు. వారిలో షిరీన్ అవుమీరుద్దీ-జిఫ్రా శాసనసభ సభ్యురాలు. చట్టం చేసే సభలో కూర్చునే మనిషికే తన భర్త రేపు ఈ దేశంలో ఉంటాడో లేదో తెలియని స్థితి! 1981 ఏప్రిల్ 9న కమిటీ తన అభిప్రాయం చెప్పింది: పెళ్లికాని 17 మందికి ఇంకా నష్టం జరగలేదు, పరదేశీయులను పెళ్లాడిన ముగ్గురి విషయంలో మాత్రం ఒడంబడికను ఉల్లంఘించారు.

కమిటీకి పోలీసులు లేరు, జైళ్లు లేవు. అయినా 1983లో మారిషస్ ఆ చట్టాలను సవరించింది. 1995లో 16వ సెక్షన్‌లో లింగభేదాన్నీ చేర్చింది. 2023లో స్వలింగ సంబంధాలను నేరంగా చూసే సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా ఆ చేర్చిన మాట ఆధారంగానే. ముగ్గురు భార్యల ఫిర్యాదుకు ఇంత దూరం వెళ్లే బలం ఉందని 1978లో ఎవరనుకుని ఉంటారు?

పొదిలి పాఠకులు ఇక్కడొక తేడా గమనించాలి. భారతదేశం 1979లో అదే ఒడంబడికలో చేరింది కానీ ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను ఒప్పుకోలేదు. మనకు ఒడంబడికల బలం దేశంలోని కోర్టుల ద్వారానే అందాలి. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు స్త్రీ వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆసరా చేసుకుని, పనిచోట లైంగిక వేధింపులపై మార్గదర్శకాలిచ్చింది అలాగే.

మారిషస్ అన్నిటా అంత త్వరగా కదల్లేదు. అక్కడ ఎన్నికల్లో అభ్యర్థి నామినేషన్‌లో తన వర్గం రాయాలి. ఓడినవాళ్లలో ఎనిమిది మందిదాకా వర్గాల లెక్క చూసి సీట్లిస్తారు. ఆ లెక్క 1972 జనాభా గణనది. తెలుగువాళ్లు అందులో హిందువుల కింద కలిసిపోతారు. 2005లో వర్గం రాయనన్నవాళ్ల నామినేషన్లు తిరస్కరించారు. 2012లో కమిటీ అది తప్పంది. 2014లో ప్రభుత్వం ఆ నిబంధనను సడలించింది, కానీ ఆ ఒక్క ఎన్నికకే; 2019 నామినేషన్లలో వర్గం గడి మళ్లీ నింపాల్సి వచ్చింది.