హుక్కా గాజు బుడ్డి: దర్బారు కళలో ఒక అధ్యాయం

ఇస్లామీయ గాజు కళను గురించి వ్రాసేవారు సాధారణంగా 13, 14 శతాబ్దాలలో సిరియా, ఈజిప్టులలో తయారైన మస్జిదు దీపాల దగ్గర ఆగిపోతారు. మమ్లూక్ సుల్తానుల నాటి ఆ దీపాలపై బంగారంతోను, రంగుల మీనాతోను తీర్చిన ఖురాన్ ఆయతులను చూసినవారికి అంతకు మించిన గాజు పని లేదనిపించడం సహజమే. అయితే తరువాతి కాలంలో హిందూస్థానపు దర్బారులలో గాజు మరొక రూపం ధరించింది. అది హుక్కా అడుగున నీరు నిలిపే బుడ్డి. దీపానికి ఉన్న పవిత్రత దీనికి లేదు. దీని పుట్టుకకు కారణం పొగాకు. అంతమాత్రాన దీని చరిత్రను విడిచిపెట్టడం న్యాయం కాదు.

మొగల్ దర్బారుకు పొగాకు రుచి చూపినది దక్కను. అక్బర్ తరఫున బిజాపూరుకు రాయబారిగా వెళ్ళిన అసద్ బేగ్ 1604-05 ప్రాంతంలో తిరిగి వస్తూ అక్కడ కొంత పొగాకు సంపాదించి, దానితోపాటు ఒక గొట్టాన్ని కూడా సిద్ధం చేయించాడు. ఆ వృత్తాంతాన్ని ఆయనే వ్రాసిపెట్టాడు. గొట్టం మూడు మూరల పొడవు. కొనలకు రత్నాలు, మీనా పని. నోట పెట్టుకొనే చోట యెమెన్ అకీకు రాయి. నిప్పు ఉంచే గిన్నె బంగారం. ఇదేమిటని పాదుషా అడిగినప్పుడు ఖానె ఆజమ్ మీర్జా అజీజ్ కోకా, ఇది మక్కా మదీనాలలో అందరూ ఎరిగినదేనని చెప్పాడట. అంతకు దశాబ్దం క్రితమే ఆయన హజ్ చేసివచ్చాడు గనుక ఈ మాటకు విలువ ఉంది. అక్బర్ కొద్దిగా పీల్చాడు. హకీము వారించాడు. క్రొత్తదైనంత మాత్రాన దేనినీ త్రోసిపుచ్చరాదని అసద్ బేగ్ వాదించాడు. పాదుషా దానిని అలవాటు చేసుకోలేదు గాని అమీరులు మాత్రం వెంటనే మరిగారు.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. అసద్ బేగ్ వర్ణనలో నీటిపాత్ర ప్రసక్తే లేదు. పొగను నీటిగుండా పంపే ఉపాయాన్ని కనిపెట్టినవాడు అక్బర్ ఆస్థాన వైద్యుడు హకీం అబుల్ ఫతహ్ గీలానీ అని నేటికీ పలువురు వ్రాస్తున్నారు. అబుల్ ఫతహ్ 1589లోనే మరణించాడు. ఆ తరువాత 15 సంవత్సరాలకు గాని పొగాకు ఆ దర్బారు ముఖం చూడలేదు! కనుక ఈ కథను నమ్మడం కష్టం.

1617లో జహంగీర్ పొగాకును నిషేధించాడు. ఇరాన్‌లో షా అబ్బాస్ కూడా నిషేధించాడు. విచిత్రమేమంటే, జహంగీర్ ఇరాన్‌కు పంపిన రాయబారి ఖాన్ ఆలమ్ పొగాకు లేనిదే క్షణం ఉండలేనివాడు! ఉలమాలలో కూడా ఏకాభిప్రాయం కుదరలేదు. ఈజిప్టులో మాలికీ విద్వాంసుడు ఇబ్రాహీం అల్‌లఖానీ దీనికి వ్యతిరేకంగా వ్రాయగా, అదే మజ్హబ్‌కు చెందిన అలీ అల్‌ఉజ్‌హూరీ సమర్థిస్తూ వ్రాశాడు. ఈ వివాదాలు సాగుతుండగానే పనివారి చేతులలో హుక్కా ఒక కళావస్తువుగా రూపొందింది.

అరబ్బీలో హుక్కా అంటే చిన్న పెట్టె, భరిణె. ఇరాన్‌వారు ఖల్యాన్ అన్నారు. నార్‌గీలా అనే పేరు కొబ్బరికాయ నుండి వచ్చింది. సామాన్యులకు కొబ్బరి చిప్పే నీటిబుడ్డి. అమీరులకు వెండి, పచ్చరాయి, గాజు. దక్కనులో బీదరు పనివారు తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, కోటలోని మట్టితో నల్లబరచిన బిద్రీ బుడ్డి. తొలినాటి బుడ్డి కుండవలె గుండ్రంగా ఉండేది. కుదురు లేనిదే నిలిచేది కాదు. 18వ శతాబ్దపు మధ్యకాలానికి అడుగు బల్లపరుపై గంట ఆకారం వచ్చింది. కాలనిర్ణయానికి చరిత్రకారులకు మొదటి ఆధారం ఇదే.

లోహపు బుడ్డిలో నీరు కనబడదు. గాజులో పీల్చినప్పుడల్లా బుడగలు లేచి కనులకు విందు చేస్తాయి. ఆకుపచ్చ, నీలి గాజుపై బంగారంతో గసగసాల పువ్వులను వరుసగా తీర్చేవారు. మొగల్ భవనాల గోడలపై చలువరాతిలో కనిపించే పూలమొక్కల తీరు ఇదే. ఆ బంగారం గాజులో ఇంకదు, పైనే నిలుస్తుంది. అందువల్ల చేతి రాపిడికి అరిగిపోయి, నేడు చాలా బుడ్డిలపై పువ్వుల నీడ మాత్రమే మిగిలింది.

చూడగానే మొగల్ పని అనిపించే ఈ పాత్రలన్నీ ఇక్కడివి కావు. హిందూస్థానపు గాజు క్షారపు గాజు. తేలిక, లోపల చిన్న బుడగలు. 18వ శతాబ్దపు కొన్ని బుడ్డిలు సీసం కలిసిన బరువైన గాజు. అట్టివి ఇంగ్లండులో ఊదించి, ఈస్టిండియా కంపెనీ ఓడలపై పంపినవని, వాటిలో కొన్నింటిపై బంగారు పని మాత్రం ఇక్కడి చిత్రకారులు చేశారని పండితులు భావిస్తున్నారు. కొనుగోలుదారుని అభిరుచిని వర్తకులు అంత బాగా గ్రహించారు. నవాబు దివాణంలో మసనదు ప్రక్కన ఏ బుడ్డి ఉన్నదో, దాని గాజు ఏ దేశపు కొలిమిలో కరిగిందో, కంటితో చూసి చెప్పడం కష్టం. చేతితో ఎత్తి చూస్తే మాత్రం బరువు కొంతవరకు చెబుతుంది.