హాథార్న్ శ్రామికుల సంభాషణలు

షికాగో నగరమునకు పడమటి పొలిమేరనున్న సిసిరో పట్టణమున, వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థవారి హాథార్న్ కర్మాగారము టెలిఫోను పరికరములను నిర్మించుచు, ఒకానొక కాలమున సుమారు 40,000 మందికి జీవనాధారమై యుండెను. అచటి శ్రామికులకు తమలో తమకున్న బాంధవ్యము యజమానుల ఊహకందని గాఢత కలది. 1915 జూలై 24న ఉద్యోగుల క్లబ్బువారు ఏర్పరచిన విహారయాత్రకై వారెక్కిన ఈస్ట్‌లాండ్ అను నౌక రేవును వీడకమునుపే ఒరిగిపోగా 844 మంది మరణించిరి. మృతులలో పెక్కుమంది ఆ కర్మాగారపు పనివారును వారి కుటుంబములవారునై యుండిరి.

ఈ కర్మాగారమున 1924 మొదలు 1927 వరకు దీపకాంతిని హెచ్చించియు తగ్గించియు జరిపిన పరీక్షలలో ఉత్పత్తికిని వెలుతురునకును స్థిరమైన సంబంధము కానరాకపోవుటచే, 1927లో రిలేలు అను విద్యుత్ మీటలను కూర్చు పనిలోని ఆరుగురు యువతులను ప్రత్యేకమైన గదిలో నుంచి, విరామములను, పనివేళలను మార్చి చూచిరి. క్రమముగా ఉత్పత్తి పెరిగెననియు, తమను లక్ష్యపెట్టువారున్నారన్న భావమే దానికి మూలమనియు గ్రంథములు చెప్పుచు వచ్చినవి. అయినను, 1928 జనవరిలో వారిలో ఇరువురిని, అతిగా మాటలాడుచు అవిధేయులైరన్న నెపముతో తొలగించి, వారి స్థానమున వేరొక ఇరువురిని చేర్చిన సంగతిని, ఆ గదిని స్వేచ్ఛకు నిదర్శనముగా చూపువారు విస్మరింపరాదు.

అటుపిమ్మట 1928 మొదలు 1930 వరకు సాగిన సమాలోచనలే నాకు మిక్కిలి ముఖ్యములుగా తోచును. హార్వర్డ్ విశ్వవిద్యాలయము నుండి వచ్చిన ఆచార్యుడు ఎల్టన్ మేయో సాహచర్యమున, 21,000 మందికి పైగా శ్రామికులతో సంస్థ ప్రతినిధులు మాటలాడిరి. తొలుత తాము సిద్ధపరచుకొన్న ప్రశ్నలనే అడుగుచుండినవారు, పనివాడు ఆ ప్రశ్నను విడిచి తన మనసులోని వేరొక బాధను చెప్పుకొనుచుండుట గమనించి, ప్రశ్నలు మాని వినుట నేర్చుకొనిరి. దానితో అరగంటలో ముగియవలసిన సంభాషణ గంటన్నర వరకు సాగుచుండెను. భోజనశాలలోని ఆహారమును గూర్చి మొరపెట్టుకొన్న ఒక ఉద్యోగి, మరల కలిసినప్పుడు ఆహారము బాగుపడినదని కృతజ్ఞత తెలిపెననియు, నిజమునకు అచ్చట ఏ మార్పును జరుగలేదనియు పరిశీలకులు వ్రాసిరి. వినుట ఎంతటి ఔషధమో ఇది చాటునని కొందరు ముచ్చటపడుదురు. నాకు మాత్రము ఇందొక అపాయము గోచరించును. విన్నంతనే మనసు తేలికపడు పనివాని జూచి, వంటను బాగుచేయ నక్కరలేదని యజమాని తలపవచ్చును గదా!

1931 నవంబరునుండి 1932 మే వరకు టెలిఫోను బ్యాంకులకు, అనగా తీగలను సంధించు కొనల వరుసలకు, తీగలు కలుపు పనిలోని పదునలుగురు పురుషులను మరియొక గదిలో పరిశీలించిరి. సంస్థ నిర్ణయించిన దినప్రమాణము 7,312 కలపులు కాగా, వారు తమలో తాము 6,000 లేక 6,600 చాలునని నిశ్చయించుకొనిరి. అంతకు మించి చేయువానిని ఎగతాళి చేసి, భుజముపై గుద్ది దారికి తెచ్చుచుండిరి. ఆ గదిలో ముందువైపువారొక జట్టు, వెనుకవైపువారొక జట్టు. ఆటలు, పందెములు, కిటికీల కొరకు కలహములు, నిషేధమున్నను ఒకరి పని మరియొకరు చేసిపెట్టుటలు. ఇవేవియు సంస్థ పటములలో గీయబడిన అధికారసోపానములలో కనబడవు. నేడు హైదరాబాదునందలి కార్యాలయములలో ఉద్యోగులకై సంస్థాంతర్గత సామాజిక మాధ్యమములను నెలకొల్పువారు తెలియవలసిన దేమనగా, అట్టి మాధ్యమము వారి రాకకు పూర్వమే, టీకొట్టువద్దను, భోజనపు బల్లవద్దను, వాట్సాప్ బృందములలోను, నెలకొనియే యున్నది.

1936లో ఆ సంస్థ, వినుటయే వృత్తిగా గల సలహాదారులను కర్మాగారమున నియమించి, ఇరువది సంవత్సరములపాటు ఆ పథకమును నడిపెను. అంతకు ముందటి సంవత్సరముననే వాగ్నర్ చట్టము అమెరికా శ్రామికులకు సంఘములుగా ఏర్పడి యజమానులతో సమష్టిగా బేరమాడు హక్కు నిచ్చియుండెను. ఈ సలహాదారులకో, తాము విన్నదానిని మరియొకరికి చెప్పుటకు గాని, పనిస్థితులను సరిదిద్దుటకు గాని అధికారము లేకుండెను. సహనముతో వినిన ఆ మనుజులను నేను గౌరవింతును; వారి చేతులు కట్టివేసిన ఏర్పాటును మాత్రము సమర్థింపజాలను.